ఆ వేప చెట్టును కొట్టించకండి

ప్రశ్న: కావలి ఊరి బయట 60 అంకణాల (మా వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు) స్థలంలో తూర్పు ముఖంగా ఇల్లు కట్టుకొని రెండు నెలల కిందట చేరాం. ఇల్లు 20 అంకణాలు పోగా మిగతాదంతా ఖాళీ. ముందు 15 అడుగులు, వెనక పడమట 25, ఉత్తరాన 11, దక్షిణాన 7 అడుగులు వదిలాం. ఇంటి ముందు మెక్సికన్ గ్రాస్ వేయించి, చుట్టూ పామ్ మొక్కలు పెట్టించాలని నా కోరిక. పార్కింగ్ టైల్స్ పరిపించేస్తే పీడా పోతుందని మావారు అంటారు. మా అత్తయ్యకు నాలుగు మూలలా నాలుగు కొబ్బరి చెట్లు, అరటి, కరివేపాకు, నిమ్మ కావాలి. నర్సరీ అతను వచ్చి చూశాడు. పడమటి గోడకు 12 అడుగుల దూరంలో పడి మొలిచిన వేప చెట్టు ఒకటుంది, పదడుగుల ఎత్తు ఉంటుంది. అది ఉంటే వేళ్లు పునాదిని పగలదీస్తాయి, కొట్టించేయండి అన్నాడు. బోరు నీళ్లు కాస్త ఉప్పన. ఆర్వో మెకానిక్ మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 1400 చూపించింది. మృగశిర కార్తె రాగానే పని మొదలుపెడదామనుకుంటున్నాం. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పగలరా? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు.
ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం. ముందు ఆ నర్సరీ అతనికి ఫోన్ చేసి, వేప జోలికి రావద్దని చెప్పండి. మీ ఖాళీ స్థలం మొత్తంలో ఇప్పటికి ఉన్న ఆస్తి అదొక్కటే. ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ కంచె కట్టకుండా, ఆ ఉప్పు నేలలో పదడుగులు లేచిందంటే ఆ తావు దానికి నచ్చిందన్నమాట. అలాంటి చెట్టును డబ్బు పెట్టి కొనలేం.

పునాది సంగతి అంటారా, పిల్లర్లు లేపి, బీములు వేసి కట్టిన ఇంటికి 12 అడుగుల దూరంలో ఉన్న వేపతో భయపడాల్సింది లేదు. వేళ్లు తడిని వెతుక్కుంటూ పోతాయి. కాబట్టి చూసుకోవాల్సింది పునాదిని కాదు, బాత్రూమ్ నుంచి సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే పైపు అతుకుల్ని. అవి కారకుండా ఉంటే చాలు.

ఆ చెట్టు ఎందుకు కావాలో చెప్తాను. ఈ రోహిణి కార్తెలో ఒకరోజు రాత్రి పదింటికి పడకగదిలో పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. గోడ ఇంకా వెచ్చగానే ఉంటుంది. నడి మధ్యాహ్నం ఎండంతా స్లాబు మీద పడుతుంది. మూడు దాటాక సూర్యుడు కిందికి వాలి, ఆరు దాటే దాకా పడమటి గోడను నిలువునా కాలుస్తాడు. ఆ ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ ఆపలేదు. దాన్ని ఆపేది చెట్టు ఒక్కటే. వేపకు ఇంకో మంచి గుణం ఉంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చుకొని, ఉగాదికల్లా కొత్త చిగురు తొడిగి, ఎండ ముదిరే వేళకు నిండుగా నిలబడుతుంది. చలికాలం వెళ్తూ వెళ్తూ కాస్త వెచ్చదనం కావాల్సినప్పుడు తప్పుకుంటుంది, నీడ కావాల్సినప్పుడు వస్తుంది. ఉగాది పచ్చడికి పువ్వు కోసం పక్కింటి గేటు దగ్గర నిలబడే పనీ తప్పుతుంది. కింది కొమ్మలు ఏడెనిమిది అడుగుల దాకా తీయించి, పైన గొడుగులా పెరగనివ్వండి. నాలుగైదేళ్లలో మీ పడకగది గోడ నీడలోకి వస్తుంది.

అత్తయ్యగారిని ఒకసారి అడగండి. పడమర, నైరుతి బరువుగా ఉండాలి, తూర్పు, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అనే అంటారు. నాకు వాస్తు పట్టింపు పెద్దగా లేదు. కానీ మన తీరంలో ఆ మాట ఎండకూ గాలికీ అచ్చంగా సరిపోతుంది. పడమటి నుంచి వడగాలి, తూర్పు నుంచి సముద్రపు గాలి. మధ్యాహ్నం ఏ రెండింటికో మూడింటికో గాలి తిరిగిందంటే ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది కదా, ఆ గాలి మీ ఇంట్లోకి రావాలంటే తూర్పు వైపు నడుము ఎత్తును మించిన మొక్క ఉండకూడదు. మీరు ముందు వరసగా పెట్టించాలనుకుంటున్న పామ్ మొక్కలు సరిగ్గా ఆ గాలికే అడ్డం. పైగా అరెకా పామ్‌కు ఉప్పు నీళ్లు పోస్తే ఆకు కొసలు మాడి, ఏడాది పొడుగునా జబ్బు మనిషిలా కనిపిస్తుంది.

మన వైపు తోటకు గడ్డుకాలాలు రెండే. ఒకటి రోహిణి కార్తె, రెండోది కార్తీకంలో వచ్చే తుపాను. ఈ రెండూ దాటే మొక్క మిగతా పది నెలలూ దానంతటదే బతుకుతుంది. ఏ మొక్క కొనబోయినా ఈ రెండు ప్రశ్నలూ అడగండి. ఫొటోలో ఎంత బాగుందన్నది ఆ తర్వాత.

అందుకే మృగశిరలో పని మొదలుపెట్టొద్దంటున్నాను. జూన్‌లో తొలకరి పడగానే నాటమని వీడియోల్లో చెప్పేది గోదావరి జిల్లాలకూ తెలంగాణకూ సరిపోతుంది. అక్కడ వాన నైరుతి రుతుపవనాలది. మనకు అసలు వాన ఈశాన్యంతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జూలైల్లో ఇక్కడ ఒకటి రెండు జల్లులు పడి, ఆ వెంటనే మళ్లీ పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. ఆ జల్లును నమ్ముకొని నాటిన మొక్కకు రోజూ రెండు పూటలా ఉప్పు నీళ్లు పోసి బతికించుకోవాల్సి వస్తుంది. చెట్లయితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నాటండి. మంచి వాన నీళ్లు తాగి, ఎండాకాలం వచ్చేలోపు ఆరు నెలలు వేరు పోసుకుంటాయి. ఈ నాలుగు నెలలూ గుంతలు తీసి పెట్టుకోండి. కొబ్బరికీ పండ్ల చెట్లకూ మూడడుగుల గుంత. ఎండకు మట్టి బాగా కాగనిచ్చి, తర్వాత పశువుల ఎరువు, ఎండాకు, కాస్త వేపపిండి కలిపి పూడ్చండి. నర్సరీ మొక్కకు వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటే దాన్ని మెల్లగా విడదీసి నాటండి. గుల్ల నేలలో ఆ ముద్ద అలాగే గట్టిపడితే, చుట్టూ ఎన్ని నీళ్లు పోసినా లోపలికి దిగవు.

ఇక నీళ్ల సంగతి. 450 లోపు టీడీఎస్ అయితే ఏ మొక్కకైనా దిగుల్లేదు. 2000 దాటితే తోట మీద ఆశ తగ్గించుకోవాలి. మీ 1400 మధ్యలో ఉంది. అంటే ఎంచుకొని పెంచుకోవాలి. కొబ్బరి, సపోటా, దానిమ్మ, రేగు, ఉసిరి ఈ నీళ్లకు తట్టుకుంటాయి. జామ ఫరవాలేదు. పూలలో కాగితం పూలకు అడ్డే లేదు. గన్నేరు కూడా తట్టుకుంటుంది గానీ అది విషం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వద్దు. మామిడి, నిమ్మ, గులాబీలకు ఉప్పు పడదు. కూరల్లో పాలకూర, బీట్‌రూట్ హాయిగా వస్తాయి. వంగ, టమాటా, గోంగూర కాపు కొంచెం తగ్గినా నడిచిపోతాయి. బీన్స్, ఉల్లి, క్యారట్ మాత్రం ఏడిపిస్తాయి. ఒకసారి నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకు నీళ్లూ మట్టీ చూపిస్తే ఇంకా కచ్చితంగా చెప్తారు.

ఉప్పు నీళ్లు పోయడానికీ ఒక పద్ధతి ఉంది. రోజూ పైపైన చిలకరిస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు పై మట్టిలోనే మిగిలిపోతుంది. రెండు మూడు రోజులకోసారి పాదు నిండా, అడుగు లోతు తడిసేలా పెట్టండి. ఆకుల మీద పడనివ్వకండి. పాదులో వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ మందంగా కప్పండి, మొదలుకు మాత్రం జానెడు దూరంగా. లేకపోతే చెదలు పడతాయి. నెల్లూరు జిల్లాలో గడ్డికి కరువేంటి. ఆర్వో వదిలేసే నీళ్లను మొక్కలకు పోయమని అందరూ చెప్తుంటారు. మీరు బోరు నీళ్లతోనే ఆర్వో నడుపుతుంటే ఆ పని చేయకండి. వడపోతలో మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, బోరు నీళ్లకంటే అది ఇంకా చేటు. గచ్చు కడగడానికి వాడుకోండి.

మీ మెక్సికన్ గ్రాస్ మాటకు వస్తున్నాను. మీకు కోపం వచ్చినా సరే, వద్దనే అంటాను. ముందు స్థలం 15 అడుగులు వెడల్పు, 54 అడుగులు పొడవు, అంటే 800 చదరపు అడుగుల పైమాటే. అంత పచ్చికకు మే నెలలో రోజుకు 400 లీటర్ల నీళ్లు కావాలి. అదీ 1400 టీడీఎస్ నీళ్లు. నేనూ ఒకప్పుడు ఆ ముచ్చట తీర్చుకున్నవాణ్నే. మొదటి ఏడాది ఫొటోలు తీసి చుట్టాలకు పంపాను, రెండో మే నెలలో తివాచీకి చిల్లులు పడ్డట్టు అక్కడక్కడా ఎర్రబారింది, మూడో ఏడు పీకించేశాను. కాళ్ల కింద పచ్చగా ఉండాలనిపిస్తే, అరుగు పక్కన కొంచెం మేర గరిక నాటుకోండి. ఉప్పుకూ ఎండకూ ఓరుస్తుంది. ఎండాకాలం గోధుమ రంగుకు తిరిగినా ఒక్క వానకు లేస్తుంది. వినాయక చవితి నాడు మార్కెట్టుకు పోకుండా ఇంట్లోనే దొరుకుతుంది.

మరి ముందు స్థలంలో ఏం పెట్టాలి? కూరగాయలు. ఇంటి ముందు వంకాయ మొక్కలేంటని నవ్వుకోకండి. కొంచెం లెక్క చెప్తాను, వినండి.

మన కావలి మీదుగా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన వెళ్తాడు. మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి. ఆ మధ్య కాలమంతా మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అంటే మే, జూన్, జూలైల్లో మీ ఉత్తరపు గోడకు ఎండ తగులుతుంది. చలికాలంలో దీనికి తలకిందులు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు. పిట్టగోడతో కలిపి ఇల్లు 14 అడుగుల ఎత్తు అనుకుంటే, ఉత్తరాన 11 అడుగుల దాకా నీడ పడుతుంది. మీ ఉత్తరపు ఖాళీ కూడా 11 అడుగులే. మనకు కూరగాయలు బాగా కాసేది నవంబరు నుంచి మార్చి దాకా, అందులో ఎక్కువ రోజులు ఆ చోటుకు ఎండ చాలదు. అక్కడ వంగ నారు పెట్టి, కాయడం లేదు, ఏం మందు కొట్టాలి అని అడిగేవాళ్లు ఎందరో. ఆ మొక్కకు కావాల్సింది మందు కాదు, ఎండ. ఉత్తరాన అల్లం, పసుపు, చేమ వేసుకోండి. సగం నీడ వాటికి సరిపోతుంది. మిగతాది బట్టలు ఆరేసుకోవడానికీ పిల్లలు సైకిలు తొక్కుకోవడానికీ వదిలేయండి.

తూర్పు వైపుకు చలికాలంలోనూ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అయిదారు గంటలు మంచి ఎండ. ఆ తర్వాత ఇంటి నీడ. ఎండాకాలంలో ఆ మధ్యాహ్నపు నీడే మొక్కల్ని కాపాడుతుంది. కూరగాయలకు మీ స్థలంలో ఇంతకు మించిన చోటు లేదు. వాకిలికీ గేటుకూ మధ్య ముగ్గు వేసుకునేంత మట్టి నేల వదలండి. పొద్దునే కళ్లాపి చల్లిన వాకిలికి ఏ పచ్చికా సాటి రాదని నా అభిప్రాయం. దానికి దక్షిణంగా, నాలుగడుగుల వెడల్పున మడులు కట్టించండి. అంతకు మించితే మధ్యలోకి చెయ్యి అందదు. నేల మట్టం నుంచి తొమ్మిది అంగుళాలు లేపండి, లేకపోతే కార్తీకపు వానకు నారంతా కుళ్లుతుంది. అంచుకు ఇటుక వరస పెట్టి, ముందు పక్కన కనకాంబరాలూ బంతీ నాటితే వీధిలోంచి చూసేవాళ్లకు అది పూలతోటే. అక్టోబరులో నారు పోసుకొని, పెద్ద వానలు తగ్గాక నాటండి. ఆకుకూరలు నవంబరు చివర చల్లండి, ముందే చల్లితే ఒక్క జడివానకు విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. ఎండాకాలం బెండ, గోరుచిక్కుడు, తోటకూరతో సరిపెట్టుకొని, మిగతా మడులు గడ్డి కప్పి వదిలేయండి. నేలకూ సెలవులుండాలి.

దక్షిణాన ఏడడుగులే ఉన్నా చలికాలం రోజంతా ఎండ తగులుతుంది. వంటిల్లు ఆగ్నేయంలోనే కట్టించి ఉంటారు కాబట్టి, అక్కడి నుంచి ప్రహరీ వెంబడి పందిరి వేయించండి. బీర, కాకర, సొర పాకించుకోవచ్చు. వంటింటి తలుపు దగ్గర కరివేపాకు. మల్లె అంటు ఒకటి పందిరి చివర, నీళ్లు పట్టే చేతికి అందేటట్టు.

మీవారికి కోపం రాకుండా ఒక మాట. కారు చక్రాలు నడిచే మేరకు రెండడుగుల వెడల్పున రెండు వరసలు కడప బండలు పరిపించండి, ఇంటి చుట్టూ గోడ వారన మూడడుగులు మొక్కల్లేకుండా శుభ్రంగా ఉంచండి. పురుగూ పుట్రా భయం ఉండదు. అంతకు మించి నేలను కప్పొద్దు. టైల్స్ పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని కిటికీలోకి వదులుతాయి. ఇంకో నష్టం కంటికి కనపడదు. ఎండాకాలమంతా మనం పోసిన ఉప్పు మట్టిలో పేరుకొని ఉంటుంది కదా, దాన్ని కడిగి లోతుకు దించేది కార్తీకపు వానే. నేలను కప్పేస్తే ఆ కడుగుడు జరగదు.

ఆ వాన ఎంతో తెలుసా? మీ స్లాబు 1440 చదరపు అడుగులు. తుపాను రోజున 10 సెంటీమీటర్లు కురిస్తే ఒక్క స్లాబు మీదే దాదాపు 13 వేల లీటర్లు పడతాయి. దాన్ని రోడ్డు మీదికి వదలొద్దు. పైపులన్నీ కలిపి ఈశాన్యం మూలకు తెచ్చి, పునాదికి పదడుగులు తగ్గకుండా దూరంలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు ఇంకుడుగుంత తీయించండి. కింద పెద్ద రాయి, మీద కంకర, ఆ పైన ఇసుక. బోరు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటే ఇంకా మేలు, ఉప్పు కాస్త పలచబడుతుంది. గుంత పట్టనంత వాన వస్తే పొర్లిపోవడానికి దారి మాత్రం ముందే పెట్టండి, లేకపోతే నీళ్లు మెట్ల దాకా వస్తాయి.

అత్తయ్యగారి కొబ్బరి. ఒకటి పెట్టండి, నాలుగు వద్దు. తూర్పు మూలల్లో పెడితే గాలికి అడ్డం, పక్కవాళ్ల ఇంటి మీద కాయ పడితే తగాదా. పడమట వాయవ్యం మూలన, రెండు ప్రహరీలకూ పదేసి అడుగులు వదిలి ఒకటి. అక్కడ కరెంటు తీగ లేదని చూసుకోండి. తాగేసిన బోండాల డొక్కలు దాని పాదులోనే బోర్లించి పూడ్చిపెడితే తడి పట్టి ఉంచుతాయి. స్నానాల గది నీళ్లు పోయే దారిలో అరటి రెండు పిలకలు, పక్కన మెట్టతామర. అరటికి ఉప్పంటే అంతగా పడదు, ఆకు అంచులు మాడతాయి. గెలల మీద ఆశ పెట్టుకోకుండా, విస్తరాకులకని పెంచుకోండి. వాషింగ్ మెషీన్ నీళ్లు కొబ్బరికి వదలండి, కూర మడులకు మాత్రం వద్దు. ఆ పక్కనే ఒక సపోటా అంటు పెట్టారంటే మీ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి దించుకు తినొచ్చు. ఉలవపాడు చుట్టూ ఎన్ని సపోటా తోటలున్నాయో మీరు చూసే ఉంటారు, మన గాలి దానికి పడుతుంది.

తుపాను గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 1989 నవంబరు తుపాను మీ కావలి దగ్గరే తీరం దాటింది, అత్తయ్యగారికి గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, మా దొడ్లో మునగ చెట్టు ప్రహరీ మీద పడింది. తప్పు నాదే. మునగ కొమ్మ పెళుసు. ఏటా సెప్టెంబరులో ఛాతీ ఎత్తుకు నరికేయాలి, ఆ ఏడు కాయ మీద ఆశతో వదిలేశాను. మీరు మునగ పెడితే ఆ పని మానకండి. అక్టోబరు రాకముందే వేపలో ఒత్తుగా ఉన్న కొమ్మలు పలచన చేయించండి, గాలి దూరిపోయేలా. కొబ్బరికి ఎండు మట్టలు, ముదురు కాయలు దింపించండి. కొత్తగా నాటిన వాటికి రెండు పక్కలా కర్రలు పాతి, మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. నర్సరీవాళ్లు కోనోకార్పస్ తెచ్చి, తొందరగా ఎదుగుతుంది, గోడలా ఉంటుంది అంటారు. దానికి డ్రైనేజీ పైపులంటే మహా ఇష్టం. వెనక్కి పంపేయండి.

చివరికి నిమ్మ మిగిలింది. పొదలకూరు నిమ్మ తిన్నవాళ్లకు దొడ్లో నిమ్మ చెట్టు లేకపోతే వెలితే, నాకు తెలుసు. కానీ ఆ తోటలున్నది లోపలి ఎర్రనేలల్లో. మీ బోరు నీళ్లు నేరుగా పోస్తే రెండేళ్లలో ఆకు పసుపెక్కి రాలుతుంది. ఒక ఉపాయం ఉంది. మీ పడకగది ఏసీ నుంచి చుక్కచుక్కగా కారే నీళ్లలో ఉప్పు ఉండదు. మే నెలలో రాత్రంతా నడిస్తే బకెట్టు నిండుతుంది, నిమ్మకు నీటి కరువు వచ్చేదీ అప్పుడే. ఆ పైపు దక్షిణం వైపు పడేటట్టు తిప్పించి, ఎండ తగిలే చోట, ఇంటి గోడకు అయిదడుగుల ఎడంగా నిమ్మ నాటండి. ఏసీ నడవని నెలల్లో ఎలాగూ వాన ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిల్లో మాత్రం బోరు నీళ్లతో కాకుండా మంచినీళ్లతో బియ్యం కడిగి, ఆ నీళ్లు దానికే పోయమని అత్తయ్యగారితో చెప్పండి.